పొగ చావుల పద్దు

మన ఊళ్ళలో ఎవరైనా పోయారని తెలిస్తే మొదట అడిగే మాట 'ఏమొచ్చి పోయాడు?' అని. పాము కరిచి పోయాడనో, జ్వరం తగిలి పోయాడనో జవాబు వస్తుంది. వయసు మళ్ళినవాడైతే 'ఆయాసం మనిషి, ఈ చలికి తట్టుకోలేకపోయాడు' అంటారు. అంతటితో సంభాషణ ముగుస్తుంది. ఆ ఆయాసం ఎక్కడి నుంచి వచ్చిందని రెండో ప్రశ్న వేసేవారు అరుదు. ప్రభుత్వం కూడా ఈ మొదటి ప్రశ్న అడుగుతుంది. జనన మరణాల పుస్తకంలో 'మరణ కారణం' అని ఒక గడి వుంటుంది. ఆ గడిలో ఏమి వ్రాయవచ్చునో వైద్యశాస్త్రమే తేలుస్తుందని పైకి కనిపిస్తుంది. కాని ఇంగ్లండులో బొగ్గు పొగ చరిత్రను పరిశీలించినవారికి, ఆ గడి కోసం జరిగిన పెనుగులాటలో వైద్యులతో పాటు మిల్లు యజమానులూ, మంత్రులూ, పార్లమెంటు సభ్యులూ, చిట్టచివరకు ఒక తల్లీ వున్నారని తెలుస్తుంది. పొగ ఒక్క పెట్టున చంపినప్పుడు ఆ చావులను ఒప్పుకోక తప్పింది కాదు. ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా చంపినప్పుడు మాత్రం అవి ఇంకేవో పేర్ల కింద పద్దు పడ్డాయి. ఈ రెండో రకం చావులు పద్దులోకి ఎలా ఎక్కాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పొగ మీద ఫిర్యాదు ఇంగ్లండులో పాతదే. న్యూకాసిలు ప్రాంతం నుంచి ఓడల మీద లండనుకు వచ్చే బొగ్గును సముద్రపు బొగ్గు అనేవారు. దానిని కాల్చరాదని 1307లోనే మొదటి ఎడ్వర్డు రాజు చాటింపు వేయించాడు. ఎవరూ వినలేదు. కట్టెలు ప్రియమైన కొద్దీ బొగ్గు మొదట పేదవాడి పొయ్యిలోకి, తరువాత అందరి పొయ్యిలోకీ వచ్చింది. 1661లో జాన్ ఎవెలిన్ అనే పెద్దమనిషి 'ఫ్యూమిఫ్యూజియం' అనే చిన్న పుస్తకం వ్రాసి రెండవ చార్లెసుకు సమర్పించాడు. బీరు కాచేవారిని, అద్దకం వారిని, సున్నపు బట్టీల వారిని, సబ్బు వండేవారిని నగరానికి దూరంగా నది దిగువకు పంపివేసి, ఊరి చుట్టూ సువాసనగల మొక్కలు నాటమని ఆయన సలహా. పని చేసేవాడిని ఊరవతలికి నెడితే పొగ కూడా పోతుందని అనుకోవడం ఒక వర్గానికి సహజమే కాబోలు.

మరుసటి ఏడు, 1662లో, జాన్ గ్రాంటు అనే లండను వర్తకుడు అంతకంటే ముఖ్యమైన పని చేశాడు. నగరంలో వారం వారం అచ్చయ్యే చావుల చిట్టాలను ముందు వేసుకొని లెక్కలు కట్టాడు. జనాభా శాస్త్రానికి ఆయనను ఆద్యుడంటారు. పూర్వంకంటే లండను ఆరోగ్యం చెడిందని చెబుతూ, అరవయ్యేళ్ళ కిందట అరుదుగా కాల్చే బొగ్గు ఇప్పుడు ఇంటింటా కాలుతూ వుండడమే అందుకు ప్రధాన కారణమని ఆయన అనుమానించాడు. అయితే ఆయన చేతిలో వున్న చిట్టాలలో క్షయ, దగ్గు వున్నాయి గాని పొగ లేదు. లెక్క తెలిసిన మొదటి మనిషికే పొగ కనిపించింది. లెక్క వ్రాసే పుస్తకంలో దానికి చోటు దొరకడానికి మరి మూడున్నర శతాబ్దాలు పట్టింది.

1842 చివర ఎంగెల్సు మాంచెస్టరు చేరేనాటికి ఆ నగరం పత్తి మిల్లుల రాజధాని. తండ్రి భాగస్వామిగా వున్న సంస్థలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో శ్రామికుల వాడలన్నీ తిరిగి చూచి, 1845లో ఆయన జర్మను భాషలో ప్రచురించిన గ్రంథం మన పాఠకులకు పరిచితమే. అందులో అంతగా ఎవరూ ఉదాహరించని పరిశీలన ఒకటి వున్నది. ఏడాదిలో పది పదకొండు నెలలు అక్కడ గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. మిల్లుల పొగ అంతా తూర్పుకూ ఈశాన్యానికీ పోతుంది. కలవారు ఆ దిక్కున ఇళ్ళు కట్టుకోలేదు. ఆ గాలి పీల్చే భాగ్యాన్ని శ్రామికులకే వదిలారని ఎంగెల్సు ఎత్తిపొడిచాడు. మన దేశంలో ఇంటి దిక్కును వాస్తు నిర్ణయిస్తుందంటారు. ఇంగ్లండులో ఆ పని మిల్లు పొగ చేసింది.

ఇది ఆవేశంలో అన్న మాట కాదని 2021లో మరొకసారి రుజువైంది. ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు 70 ఇంగ్లీషు నగరాలలో పందొమ్మిదో శతాబ్దం చివర వున్న సుమారు 5,000 ఫ్యాక్టరీ గొట్టాల స్థానాలను పాత పటాల నుంచి ఎత్తి, గాలివాటును బట్టి ఏ వాడ మీద ఎంత పొగ పడిందో లెక్కగట్టారు. పొగ పడిన వాడలు పేదవాళ్ళవయ్యాయి. పొగ పోయి అర్ధశతాబ్దం దాటినా నేటికీ అవి పేద వాడలుగానే వున్నాయి. గొట్టాలు కూలినా అవి గీసిన గీత చెరగలేదన్నమాట. 1851-60 దశాబ్దపు మరణాల లెక్కలను ఇదే విధంగా గాలివాటుతో జతపరిచి చూచిన మరొక అధ్యయనం, పల్లెలకంటే పట్టణాలలో ఎక్కువగా వున్న మరణాలలో సుమారు మూడో వంతుకు పరిశ్రమల బొగ్గే కారణమని 2018లో తేల్చింది. అంతవరకు చరిత్రకారులు ఆ భారమంతా మురుగునీటి మీద, కిక్కిరిసిన ఇళ్ళ మీద వేస్తూ వచ్చారు. అవి అబద్ధమని కాదు. కలరా మనిషిని రెండు రోజుల్లో తీసుకుపోతుంది గనుక ఎవరికైనా కనబడుతుంది. పసిబిడ్డ ఊపిరితిత్తులలో మసి పేరుకోవడం ఎవరికీ కనబడదు.

ఇంగ్లండు, వేల్సులలో మరణాల నమోదు 1837లో ప్రారంభమైంది. విలియం ఫార్ అనే వైద్యుడు ఆ లెక్కలకు శాస్త్రీయమైన వర్గీకరణ కల్పించాడు. ఆ పట్టికలలో ఏటేటా పెరుగుతూ వచ్చిన జబ్బు బ్రాంకైటిస్, అంటే శ్వాసనాళాల వాపు. ఐరోపాలోని వైద్యులు దానిని ఇంగ్లీషు జబ్బు అని పిలిచేటంతగా అది ఆ దేశానికి అంటుకుపోయింది. అది దేవుడిచ్చిన చలివల్ల, తేమవల్ల వస్తుందని అక్కడి జనం కూడా నమ్మారు. చట్టాలు రాకపోలేదు. 1853లో లండనుకు ఒకటి, 1875లో దేశమంతటికీ మరొకటి వచ్చాయి. 1875 చట్టంలోని తెలివి చూడండి. శిక్షించదగినది 'నల్లని' పొగ మాత్రమే. యజమాని తరపు వకీలు లేచి, మా గొట్టం నుంచి వచ్చింది నలుపు కాదు, ముదురు గోధుమ రంగు అని వాదించవచ్చు. పైగా యజమాని 'సాధ్యమైనంతవరకు' జాగ్రత్త పడితే చాలు. ఇక ఇళ్ళ పొయ్యిలకు చట్టమే వర్తించదు. ఇదే నమూనా మన దేశానికీ దిగుమతి అయింది. కలకత్తా కోసం 1905లో, బొంబాయి కోసం 1912లో పొగ బాధల చట్టాలు చేశారు. వాటిలోనూ చూపు గొట్టం మీద వున్నది గాని ఊపిరితిత్తి మీద లేదు.

ఇక్కడ సాహిత్యం గురించి ఒక మాట. 'బ్లీక్ హౌస్' నవల లండను పొగమంచుతో మొదలవుతుందనీ, క్లోద్ మోనె అనే ఫ్రెంచి చిత్రకారుడు అదే పొగమంచును గీయడం కోసం 1899 నుంచి 1901 వరకు పదే పదే లండను వెళ్ళాడనీ చదువుకున్నాం. ఆ మసక వెలుగును ప్రకృతి సౌందర్యంగా భావించి ఆనందించాం. టర్నరు, మోనెల చిత్రాలలోని మసకను ఆయా సంవత్సరాల బొగ్గు పొగ లెక్కలతో పోల్చిచూచి, ఆ రెండూ కలిసి నడిచాయని 2023లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అందం అబద్ధం కాకపోవచ్చు. కాని ఆ వంతెనల కింద పడవలు నడిపినవాళ్ళకు ఆ రంగు ఏమి చేసిందో చెప్పని సాహిత్య చరిత్రను మనం పాఠంగా చెబుతున్నాం.

ఇరవయ్యో శతాబ్దంలో హెచ్చరికలు ముందుగానే వచ్చాయి. 1930 డిసెంబరులో బెల్జియం దేశపు మ్యూజ్ లోయలో పొగమంచు పట్టి కొద్ది రోజులలో 60 మంది చనిపోయారు. ఆ చావులను పరిశీలించిన ఫిర్కే అనే వైద్యుడు, లండనులో ఇలాంటిదే జరిగితే 3,200 మంది పోతారని లెక్కగట్టి 1936లోనే చెప్పాడు. 1948 అక్టోబరులో అమెరికాలో డొనోరా అనే ఉక్కు, జింకు కర్మాగారాల ఊళ్ళో 20 మంది పోయారు. ఇవన్నీ అచ్చయి వున్న విషయాలే.

1952 డిసెంబరు 5, శుక్రవారం. లండను మీద గాలి కదలడం మానేసింది. చలి ఎక్కువైంది గనుక ఇంటింటా పొయ్యిలు ఎగదోశారు. ఆ పొయ్యిలలో ఏ బొగ్గు కాలిందన్నది ముఖ్యమైన ప్రశ్న. యుద్ధపు అప్పులు తీర్చడానికి మంచి బొగ్గు విదేశాలకు ఎగుమతి అవుతూ వుండేది. స్వదేశంలోని సామాన్యుడికి 'నట్టీ స్లాక్' అనే నుసి బొగ్గును రేషను లేకుండా కొనుక్కోమని ఆ డిసెంబరు మొదటి తేదీ నుంచే ప్రభుత్వం ప్రోత్సహించింది. చవక బొగ్గు, పొగ ఎక్కువ. నగరం నడిబొడ్డున విద్యుత్తు కేంద్రాలు సరేసరి. అయిదు రోజులు పట్టపగలు మనిషికి మనిషి కనబడలేదు. బస్సుల ముందు కండక్టర్లు దివిటీలు పట్టుకొని నడిచారు. ఒక నాటకశాలలో పొగ లోపలికి వచ్చి, రంగస్థలం కనిపించక ప్రదర్శన నిలిచిపోయింది. పశు ప్రదర్శనకు తెచ్చిన బహుమతి ఎడ్లు ఊపిరాడక పడిపోయాయి. పత్రికలకు మొదట వార్త అయింది ఎడ్ల చావే. శవపేటికలు చేసేవారి దగ్గర పేటికలు, పూలమ్మేవారి దగ్గర పూలు అయిపోయినప్పుడుగాని ఎంతమంది మనుషులు పోయారో నగరానికి తెలియలేదు.

డిసెంబరు 13తో ముగిసిన వారంలో గ్రేటరు లండనులో 4,703 మరణాలు నమోదైనాయని ఆరోగ్య మంత్రి మెక్లియాడ్ పార్లమెంటులో చెప్పాడు. అంతకు ముందటి ఏడు అదే వారంలో 1,852. ఈ తేడాను దాచడం ఎవరి తరమూ కాదు. అసలు వివాదం ఆ తరువాతి నెలల మీద వచ్చింది. పొగ విడిపోయాక కూడా, జనవరి ఫిబ్రవరులలో చావులు మామూలుకు దిగలేదు. పొగ వల్ల పోయినవారు సుమారు 4,000 అని 1954 నాటి ప్రభుత్వ నివేదిక తేల్చింది. డిసెంబరు 20 తరువాత జరిగిన అదనపు మరణాలను అది ఇన్‌ఫ్లుయెంజా ఖాతాలో వేసింది. ఆ ఎనిమిది వేల మందిని ఏమి చేద్దామని అప్పుడే ప్రశ్నించిన శాస్త్రజ్ఞుడు విల్కిన్స్ మాట వినిపించుకున్నవారు లేరు. 2001లో మిషెల్ బెల్, డెవ్రా డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ లెక్కలను తిరగదోడారు. ఆ అదనపు చావులన్నీ ఫ్లూ చావులే అయితే, ఆ ఫ్లూ సాధారణమైనదానికంటే ఎన్నో రెట్లు ఉధృతంగా వుండి వుండాలి; అందుకు ఆధారాలు కనబడలేదు. మొత్తం చావులు 12,000 వరకు వుంటాయని వారు అంచనా వేశారు. ఆ నాడు పోయినవారి ఊపిరితిత్తుల ముక్కలు కొన్ని ఒక లండను ఆసుపత్రిలో భద్రంగా వున్నాయి. అర్ధశతాబ్దం తరువాత, 2003లో, వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే మసి కణాలూ, సీసం వంటి లోహపు నలుసులూ కనబడ్డాయి. ప్రభుత్వ నివేదిక చెప్పనిదానిని శవం దాచిపెట్టుకున్నది.

నాటి మంత్రుల ధోరణి గురించి విస్తరించనవసరం లేదు. తాను మంత్రి అయిన తరువాతే లండనుకు పొగమంచు వచ్చినట్టు జనం మాట్లాడుతున్నారని మెక్లియాడ్ విసుక్కున్నాడు. తరువాత ప్రధాని అయిన హెరాల్డ్ మాక్‌మిలన్ అప్పుడు గృహనిర్మాణ మంత్రి. మనం చేయగలిగింది పెద్దగా లేదు గాని ఎంతో చేస్తున్నట్టు కనిపించవచ్చు అనే అర్థంలో 1953 నవంబరులో ఆయన తన సహచరులకు ఒక రహస్య పత్రం పంపాడు. కనిపించడంలో భాగంగా ప్రభుత్వ వైద్యం కింద లక్షల కొద్దీ గుడ్డ ముసుగులు పంచారు. నుసి పీల్చకుండా ఆపడంలో అవి దాదాపు నిరుపయోగం. పార్లమెంటులో నార్మన్ డాడ్స్ వంటి లేబరు సభ్యులు వదలకుండా ప్రశ్నలు వేయబట్టే సర్ హ్యూ బీవరు అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. (గిన్నెస్ రికార్డుల పుస్తకానికి మూలపురుషుడైన బీవరు ఈయనే.) పొగ వల్ల దేశానికి ఏటా 25 కోట్ల పౌన్ల నష్టమని ఆ సంఘం తేల్చింది. చావుల సంఖ్యకు కదలని చెవులు పౌన్ల సంఖ్యకు కదిలాయి. 1956లో పరిశుభ్ర వాయు చట్టం వచ్చింది. అప్పుడైనా ప్రభుత్వం తానుగా బిల్లు తెచ్చింది సొంత పార్టీ సభ్యుడు నబారో ప్రైవేటు బిల్లుతో ఒత్తిడి చేసిన మీదటే.

ఈ చట్టాన్ని చిన్నచూపు చూడరాదు. మొదటిసారిగా ఇంటి పొయ్యి కూడా చట్టం కిందికి వచ్చింది. పొగలేని ఇంధనం వాడవలసిన ప్రాంతాలు ఏర్పడ్డాయి, పొయ్యి మార్చుకోవడానికి సహాయం ఇచ్చారు. 1962 డిసెంబరులో మరొకసారి వందలాది మంది పోయారు గాని, ఆ తరువాత ఉత్తర సముద్రపు గ్యాసు రావడంతో నల్లపొగ ఇంచుమించు కనుమరుగైంది. అయితే అభ్యుదయవాదులం మనం ఒప్పుకోవలసిన ఇబ్బందికరమైన సంగతులు ఇక్కడ రెండున్నాయి. బ్రిటిషు బొగ్గు గనులు 1947లోనే జాతీయమైనాయి. అంటే 1952లో ఆ నుసి బొగ్గు ఏ ప్రైవేటు యజమానిదీ కాదు, జాతీయ బొగ్గు సంస్థది. రెండోది, గనికార్మికులకు జీతంలో భాగంగా బొగ్గు ముట్టేది. అందువల్ల గనుల ప్రాంతాలలోనే పొగ నియంత్రణ అందరికంటే ఆలస్యంగా జరిగింది. గనిలో ధూళి పీల్చి వచ్చిన మనిషి ఇంట్లో పొగ పీల్చాడు. అతని భార్యాబిడ్డలూ పీల్చారు. దీనికి అతనిని తప్పు పట్టడం అన్యాయం. తక్కువ జీతానికి పూడ్పుగా ఇచ్చిన బొగ్గును అతను ఎలా వదులుకుంటాడు? తూర్పు ఐరోపా అనుభవమూ ఇటువంటిదే. గొట్టం నుంచి లేచే పొగను సోవియట్ పోస్టర్లు ప్రగతి పతాకగా చిత్రించాయి. ఉత్తర బొహీమియాలో నాసిరకం లిగ్నైటు పొగకు తాళలేక 1989 నవంబరు 11న తెప్లిత్సె పట్టణ ప్రజలు వీధులకెక్కారు. ప్రేగులో ఉద్యమం మొదలైంది ఆ తరువాత ఆరు రోజులకు. గని ఎవరిదన్న ప్రశ్నతో పాటు, గాలి లెక్క ఎవరి చేతిలో వుందన్న ప్రశ్న కూడా మనం అడిగి వుండవలసింది.

ఇక మెల్లని చావుల మాట. నల్లపొగ పోయాక, పీడ వదిలిందని బ్రిటను నిశ్చింతగా వున్నది. కాని ఆధారాలు అక్కడే పోగుపడ్డాయి. 1946 మార్చిలో ఒకే వారంలో దేశమంతటా పుట్టిన బిడ్డలను వైద్యులు ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. డగ్లస్, వాలర్ అనేవారు 1966లో ఆ పిల్లల ఆరోగ్యాన్ని వాళ్ళు పెరిగిన ప్రాంతాలలో కాలిన బొగ్గు పరిమాణంతో పోల్చారు. పొగ హెచ్చిన కొద్దీ ఛాతీలోకి దిగే జబ్బులు హెచ్చాయి. ఆశ్చర్యమేమంటే, ఒకే రకం గాలి పీల్చిన మధ్యతరగతి పిల్లలూ, శ్రామికుల పిల్లలూ ఒకే విధంగా జబ్బుపడ్డారు. పేదవాడి దగ్గుకు పేదవాడి అలవాట్లే కారణమన్న పెద్దమనుషుల సిద్ధాంతానికి ఇంతకంటే సమాధానం ఏం కావాలి? 1952లో చంటిబిడ్డలుగా ఆ అయిదు రోజుల పొగ పీల్చినవారిలో తరువాత బాల్యంలో ఉబ్బసం హెచ్చుగా కనిపించిందని 2016లో తేలింది.

అసలు రుజువు అట్లాంటిక్ అవతల దొరికింది. అమెరికాలో యూటా లోయలో ఒక ఉక్కు కర్మాగారం యాజమాన్యానికీ కార్మికులకూ వివాదం వచ్చి 1986 ఆగస్టు నుంచి పదమూడు నెలలు మూతపడింది. ఆర్డెన్ పోప్ అనే పరిశోధకుడు ఆ లోయ ఆసుపత్రుల పుస్తకాలు తెరిచి చూశాడు. కర్మాగారం నడిచినప్పుడు బ్రాంకైటిస్‌తో, ఉబ్బసంతో ఆసుపత్రిలో చేరిన పసిపిల్లల సంఖ్య, అది మూతపడినప్పటి సంఖ్యకు సుమారు రెట్టింపు. ప్రయోగశాలలో చేయలేని ప్రయోగాన్ని ఒక కార్మిక వివాదం చేసి చూపింది. 1993లో హార్వర్డు పరిశోధకులు ఆరు నగరాలలో 8,111 మందిని పద్నాలుగు పదహారేళ్ళు వెంబడించిన ఫలితాలను ప్రకటించారు. సిగరెట్టు, వయసు, ఉద్యోగం అన్నీ లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, అన్నిటికంటే మురికి గాలిగల స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు అన్నిటికంటే శుభ్రమైన పోర్టేజికంటే 26 శాతం ఎక్కువ. అంతవరకు జనం భయపడింది కంటికి కనిపించే పొగకు. ఇప్పుడు దోషిగా తేలినవి 2.5 మైక్రాన్లకంటే సన్నని కణాలు, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేనివి. ముక్కు వాటిని ఆపలేదు, దగ్గు బయటికి తేలేదు. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా దిగి వాపు పుట్టిస్తాయి, కొన్ని నెత్తురులోకీ చేరుతాయి. అందుకే వాటి వల్ల పోయేవారిలో చాలామంది దగ్గుతో పోరు. గుండెపోటుతో, పక్షవాతంతో, కొందరు ఊపిరితిత్తుల కాన్సరుతో పోతారు. మరణ కారణం గడిలో డాక్టరు 'గుండెపోటు' అని వ్రాస్తాడు. వ్రాసింది తప్పూ కాదు.

పరిశ్రమల సంఘాలు ఊరుకోలేదు. ఈ పరిశోధనల ఆధారంగా 1997లో అమెరికా ప్రభుత్వం సన్నకణాలకు పరిమితి విధించగానే, మీరు పరిశీలించిన రోగుల వివరాలు బయట పెట్టండని పట్టుపట్టాయి, కోర్టుకెక్కాయి. స్వతంత్ర సంస్థ ఒకటి మొత్తం లెక్కలను మొదటి నుంచి తిరిగి వేసి, ఫలితం సరైనదేనని 2000లో ప్రకటించింది. పరిమితి విధించేటప్పుడు ప్రజల ఆరోగ్యాన్నే చూడాలి గాని ఖర్చును లెక్క వేయనవసరం లేదని 2001లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ లెక్క బ్రిటనుకు అన్వయించినప్పుడు తేలిందేమిటి? 2008 నాటి సన్నకణాల వల్ల ఆ ఏడాది కలిగిన నష్టం సుమారు 29,000 చావులతో సమానమనీ, ఆ దేశంలో పుట్టే ప్రతి మనిషి ఆయుర్దాయంలో సగటున ఆరు నెలలు తరుగుతున్నదనీ అక్కడి ప్రభుత్వ వైద్య సలహా సంఘం 2010లో ప్రకటించింది. ఈ 29,000 మంది ఎవరో పేరు పెట్టి చెప్పలేం. కొద్దిమందికి మొత్తం ఆయుష్షు, చాలామందికి కొద్ది కొద్దిగా ఆయుష్షు తరిగి ఆ మొత్తం అయింది. దీనినే ఆసరాగా తీసుకొని, శవం ఎక్కడ చూపండని అడిగేవారున్నారు.

ఒక శవాన్ని ఒక తల్లి చూపింది. లండనులో లూయిషమ్ ప్రాంతంలో, ఎడతెగని వాహనాలతో నిండిన సౌత్ సర్క్యులర్ రోడ్డుకు ముప్ఫై మీటర్ల లోపు ఇంట్లో ఎల్లా ఆడూ కిస్సీ డెబ్రా అనే నల్లజాతి బాలిక పెరిగింది. సుమారు మూడేళ్ళలో ముప్ఫైసార్ల దాకా ఆసుపత్రిలో చేరి, 2013 ఫిబ్రవరిలో తొమ్మిదో యేట ఉబ్బసంతో మరణించింది. 2014లో జరిగిన విచారణలో గాలి ప్రస్తావన లేదు. తల్లి రోజమండ్ ఆ తీర్పుతో సమాధానపడలేదు. బిడ్డ ఆసుపత్రి పాలైన రోజులకూ, దగ్గరలోని యంత్రం నమోదు చేసిన గాలి మురికికీ గల సంబంధాన్ని స్టీఫెన్ హోల్‌గేట్ అనే ఆచార్యుడు పరిశీలించి నివేదిక ఇచ్చాడు. 2019లో హైకోర్టు పాత తీర్పును కొట్టివేసింది. 2020 డిసెంబరు 16న, గాలి కాలుష్యం ఈ మరణానికి గణనీయంగా దోహదం చేసిందని కరోనరు బార్లో తీర్పు చెప్పాడు. బ్రిటనులో మరణ కారణంగా గాలి కాలుష్యం నమోదు కావడం అదే మొదటిసారి. గ్రాంటు చావుల చిట్టాలు ముందు వేసుకొని కూర్చున్న 358 ఏళ్ళకు ఆ మాట గడిలోకి ఎక్కింది.

మన దేశం సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. పారిశ్రామిక ప్రాంతాల వారికి, విశాఖపట్నంలో రేవు బొగ్గు గుట్టల నుసిని ఇంటి గచ్చు మీది నుంచి రోజూ ఊడ్చేవారికి ఇది చదువుకొని తెలుసుకోవలసిన విషయం కాదు. భారతదేశంలో ఒక్క 2017లో గాలి కాలుష్యం వల్ల 12 లక్షల 40 వేల చావులు సంభవించాయని, అందులో 4 లక్షల 80 వేలు వంటింటి పొగవేనని, ఈ కాలుష్యం లేకపోతే సగటు ఆయుర్దాయం 1.7 సంవత్సరాలు పెరిగేదని 2018 డిసెంబరులో ఒక అధ్యయనం వెలువడింది. దానిలో భాగస్వామి భారత వైద్య పరిశోధనా మండలి, అంటే కేంద్ర ప్రభుత్వ సంస్థే. ఏడాది తిరిగేసరికి 2019 డిసెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రి జవదేకర్ లోక్‌సభలో లేచి, కాలుష్యానికీ ఆయుష్షు తగ్గడానికీ సంబంధమున్నట్టు ఏ భారతీయ అధ్యయనమూ చూపలేదన్నాడు. 2024లో 655 జిల్లాల మరణాలను గాలి లెక్కలతో జతపరిచిన మరొక అధ్యయనం, ఘనపు మీటరు గాలిలో సన్నకణాలు 10 మైక్రోగ్రాములు హెచ్చితే మరణాలు 8.6 శాతం హెచ్చుతున్నాయని చూపింది. ఆ సన్నకణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన వార్షిక పరిమితి 5 మైక్రోగ్రాములు. మన దేశం 2009లో పెట్టుకున్నది 40. 2019లో మొదలైన జాతీయ పరిశుభ్ర వాయు కార్యక్రమం నగరాల పనితీరును కొలుస్తున్నది సన్నకణాలతో కాదు, రోడ్డు మీద నీళ్ళు చల్లితే కొంత అణిగే ముతక ధూళితో.

ఇక మన మరణ కారణం గడి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో వైద్యుడు కారణం ధ్రువపరిచే ఏర్పాటు వున్నది. 2020లో మన దేశంలో నమోదైన మరణాలలో వైద్యుడు కారణం ధ్రువపరిచినవి 22.5 శాతం. తక్కినవాటికి మరణ కారణం, ఊళ్ళో 'ఏమొచ్చి పోయాడు' అని అడిగినవారికి ఇంట్లోవాళ్ళు చెప్పిన జవాబే.